ఆముదం తాగిన ఇంజన్, కొనేవాళ్ళు లేని ఇంజన్: చిన్న విమానాల రోటరీ కథ

వెనకాల కనిపిస్తోంది కదా, అది గౌతమి గోదావరి. మనం ఇప్పుడు వాడపల్లిలో ఉన్నాం. ధవళేశ్వరం బ్యారేజీ దాటి, బొబ్బర్లంక మీదుగా వచ్చాం. ఇవాళ శనివారం. ఏడు శనివారాలు, వారానికి ఏడు ప్రదక్షిణలు అని మొక్కుకున్న జనం గుడి చుట్టూ ఎలా తిరుగుతున్నారో చూడండి. అడుగు పెట్టే సందు లేదు.

గుడికి, జనానికి దూరంగా, ఈ గట్టు మీద నుంచి నది వైపు మాత్రమే మా తమ్ముడు ఒక చిన్న డ్రోన్ ఎగరేశాడు. ఎగిరి పట్టుమని పావుగంట కాలేదు, అప్పుడే బ్యాటరీ గురించి కంగారు పడుతున్నాడు. నాకు అప్పుడు వచ్చింది అనుమానం. బ్యాటరీ కాకుండా దీనికి ఒక బుల్లి పెట్రోల్ ఇంజన్ ఉంటే గంటల తరబడి ఎగిరేది కదా? అలాంటి ఇంజన్ ఉందా? ఉంటే మనకెందుకు కనపడదు? ధర ఎంతుంటుంది?

ఉందండీ. దాని పేరు రోటరీ ఇంజన్. చిన్న విమానాల కోసం దీన్ని వందేళ్ళలో రెండుసార్లు కనిపెట్టారు. రెండుసార్లూ "ఇంక భవిష్యత్తు అంతా ఇదే" అన్నారు. రెండుసార్లూ బజారు దాన్ని పక్కన పెట్టేసింది. ఇందులో ఒక కథలో మన ఆముదం ఉంది, ఇంకో కథలో కోలారు ఉంది. కాస్త ఓపిగ్గా వినండి.

ముందు ఒక తికమక తీర్చేద్దాం. నెట్‌లో రోటరీ ఇంజన్ అని కొడితే రెండు వేరువేరు సామాన్లు వస్తాయి. ఒకటి మొదటి ప్రపంచ యుద్ధం నాటిది. రెండోది వాంకెల్ ఇంజన్, మాజ్డా కార్లలో ఉండేది. పేరొకటే, లోపల మాత్రం సంబంధమే లేదు. ముందు పాతదాని సంగతి చూద్దాం.

మీ బైక్ ఇంజన్లో ఏం జరుగుతుంది? సిలిండర్ కదలదు. లోపల పిస్టన్ పైకీ కిందకీ కొట్టుకుంటుంది, క్రాంక్ షాఫ్ట్ తిరుగుతుంది. ఫ్రాన్స్‌లో సెగ్యాన్ అన్నదమ్ములు దీన్ని తలకిందులు చేశారు. క్రాంక్ షాఫ్ట్‌ని విమానానికి గట్టిగా బిగించేశారు, కదలకుండా. అప్పుడేమవుతుంది? సిలిండర్లతో సహా ఇంజన్ మొత్తం తిరుగుతుంది! ప్రొపెల్లర్‌ని ఇంజన్‌కే బిగించారు. రెండూ కలిసి గిరగిరా తిరుగుతాయి. చూస్తే పిచ్చి ఆలోచనలా ఉంటుంది. కానీ లాభం ఉంది. ఇంజన్ తిరుగుతూ ఉంటే గాలి దానంతట అదే తగిలి చల్లబడుతుంది. నీళ్ళు అక్కర్లేదు, రేడియేటర్ అక్కర్లేదు, బరువైన ఫ్లైవీల్ అక్కర్లేదు. బరువు తగ్గింది. ఆ రోజుల్లో విమానం పైకి లేవడమే గగనం, కిలో తగ్గినా పండగే.

దాని పేరు నోమ్. 50 హార్స్‌పవర్, ఏడు సిలిండర్లు. 1909 ఆగస్టులో ఫ్రాన్స్‌లోని రీమ్స్ ఊళ్ళో విమానాల పోటీ పెట్టారు. హెన్రీ ఫార్మన్ తన విమానానికి ఈ ఇంజన్ పెట్టుకుని దూరం పోటీలో గెలిచాడు. అంతే, అందరూ నోమ్ కావాలన్నారు.

ఇప్పుడు ఆముదం దగ్గరకి వద్దాం. ఈ ఇంజన్లో పెట్రోలు, గాలి కలిసిన ఆవిరి నేరుగా క్రాంక్ కేస్ లోపలి నుంచి వెళ్తుంది. మామూలు ఖనిజ నూనె పోస్తే పెట్రోలు దాన్ని కరిగించి కడిగేస్తుంది. ఆముదం మాత్రం పెట్రోల్లో అంత తేలిగ్గా కలవదు, వేడికి తట్టుకుంటుంది, జిగురుగా పట్టుకుని ఉంటుంది. అందుకని రోటరీ ఇంజన్లన్నిటికీ ఆముదమే. పోసిన ఆముదం తిరిగి ట్యాంకులోకి రాదు. కాలినంత కాలి, మిగతాది పొగతో పాటు బయటికి చిమ్ముతుంది. ఎక్కడికి? వెనకాల కూర్చున్న పైలట్ మొహం మీదకి! ఆ తుంపర మింగి పైలట్లకి కడుపు పాడయ్యేదని కథలు కథలుగా చెప్పుకుంటారు. చిన్నప్పుడు మన అమ్మమ్మలు బలవంతంగా ఆముదం తాగించింది దేనికో గుర్తుంది కదా, ఇంక నేను వివరించక్కర్లేదు.

మీ బైక్‌కి క్యాస్ట్రాల్ ఆయిల్ పోయిస్తారు కదా? ఆ పేరు వచ్చింది ఆముదం ఇంగ్లీషు పేరు నుంచే. 1909లో వేక్‌ఫీల్డ్ కంపెనీ తన నూనెలో ఆముదం కలిపి ఆ పేరు పెట్టింది.

మరి ప్రపంచానికి ఆముదం ఎక్కడిది? ఎక్కువ భాగం ఇండియాదే. ఇండియాలో పెద్ద ఆముదం పంట ఎక్కడ? నిజాం హైదరాబాద్ రాజ్యంలో. నల్లగొండ, మహబూబ్‌నగర్ మెట్ట చేలల్లో. వానలు మోసం చేసినా ఎంతో కొంత చేతికొచ్చే పంట అది. ఇవాళ్టికీ ఆముదం మీద పరిశోధన చేసే కేంద్ర నూనెగింజల సంస్థ హైదరాబాద్‌లో రాజేంద్రనగర్‌లోనే ఉంది. ఇటు మన కాకినాడ రేవు నుంచి కూడా పత్తితో పాటు నూనెగింజలు ఓడలెక్కేవి. యుద్ధంలో అమెరికా దిగే సమయానికి ఆముదానికి ఎంత కరువొచ్చిందంటే, అక్కడి ప్రభుత్వం ఆసియా నుంచి విత్తనాలు తెప్పించి, తమ దక్షిణాది రాష్ట్రాల రైతులతో ఒప్పందాలు రాసుకుని ఆముదం పండించమంది. యుద్ధ విమానాల కోసం ఆముదం సాగు! ఏ చేలో గింజ ఏ విమానంలో కాలిందో ఎవరు చెప్పగలరు? నల్లగొండ రైతుకి మాత్రం తన ఆముదం ఫ్రాన్స్ ఆకాశంలో పొగవుతోందని కలలో కూడా వచ్చి ఉండదు.

మనవాళ్ళు నూనె ఒక్కటే కాదు, పైలట్‌ని కూడా ఇచ్చారు. రావల్పిండి కుర్రాడు హర్దిత్ సింగ్ మాలిక్, తలపాగా కట్టుకునే యుద్ధంలో విమానం నడిపాడు. ఆయన నడిపింది సాప్‌విత్ క్యామెల్. రోటరీ ఇంజన్ విమానాల్లో బాగా పేరున్నది అదే. 1917లో కాల్లో తూటాలు దిగినా విమానాన్ని కిందకి దింపి బతికాడు.

ఆ క్యామెల్ ధరల పట్టిక ఇప్పటికీ ఉంది. ఈ ఎపిసోడ్ చేద్దామని నాకు అనిపించింది అది చూశాకే. వినండి. ఇంజన్ లేకుండా ఉత్త విమానం, అంటే చెక్క ఫ్రేము, గుడ్డ, రెక్కలు, చక్రాలు అన్నీ కలిపి 874 పౌండ్ల 10 షిల్లింగులు. ఇక ఇంజన్? 130 హార్స్‌పవర్ క్లెర్జే ఇంజన్ ఒక్కటే 907 పౌండ్ల 10 షిల్లింగులు. విమానం కంటే ఇంజనే ఖరీదు! 110 హార్స్‌పవర్ లె రోన్ అయితే 771 పౌండ్ల 10 షిల్లింగులు.

అప్పుడొచ్చాడు ఒక ఇంజనీరు, పేరు డబ్ల్యూ. ఓ. బెంట్లీ. అవును, తర్వాత బెంట్లీ కార్లు చేసింది ఆయనే. యుద్ధంలో ఆయన ఇంగ్లండ్ నేవీలో ఉన్నాడు. క్లెర్జే సిలిండర్లు వేడికి వంకర పోతున్నాయని చూసి, అల్యూమినియంతో సిలిండర్లు చేసి లోపల ఇనుప తొడుగు వేశాడు. ఆ ఇంజన్ 150 హార్స్‌పవర్ ఇచ్చింది. ధర? 643 పౌండ్ల 10 షిల్లింగులు. పవర్ ఎక్కువ, ధర దాదాపు 30 శాతం తక్కువ. అంటే ఇంజన్ ధర అనేది దేవుడు రాసిన రాత కాదన్నమాట. డిజైన్ మారితే, చేసే పద్ధతి మారితే దిగుతుంది. ఇంకోటి, కొనేవాడు ఒక్కడే, ప్రభుత్వం. వేలల్లో కొంటాడు. క్యామెల్స్ 5,000 పైన తయారయ్యాయి మరి.

1918 నవంబరులో యుద్ధం ఆగింది. కొనేవాడు వెళ్ళిపోయాడు. గోడౌన్ల నిండా మిగిలిపోయిన ఇంజన్లు. కొత్త ఇంజన్ చేసి అమ్మాలంటే, పక్కనే అదే ఇంజన్ తుక్కు ధరకి దొరుకుతోంది. ఇంక ఎవరు కొంటారు? సాంకేతికంగా కూడా అది గోడకి తగిలింది. అంత బరువు గిరగిరా తిరుగుతుంటే బొంగరంలాగా విమానాన్ని ఒక పక్కకి లాగుతుంది. పవర్ పెంచాలంటే ఇంకా వేగంగా తిప్పాలి, తిప్పితే చాలా బలం గాలిని చీల్చడానికే పోతుంది. 1920ల్లో సిలిండర్లు కదలని రేడియల్ ఇంజన్లు వచ్చి దాని చోటు తీసుకున్నాయి. అలా మొదటి రోటరీ కథ ముగిసింది.

రెండోది వాంకెల్. మా తమ్ముడు కెమెరా ఇటు తిప్పుతున్నాడు, నేను ఇసకలో బొమ్మ గీస్తాను చూడండి. ఇది లావుపాటి ఎనిమిది అంకెలాంటి గూడు. లోపల ఇదిగో, మూడు మూలల రోటర్. మూడు మూలలూ ఎప్పుడూ గోడకి రాసుకుంటూనే తిరుగుతాయి. రోటర్‌కీ గోడకీ మధ్య మూడు ఖాళీలు. తిరుగుతుంటే ఒక ఖాళీ పెద్దదై పెట్రోలు గాలి పీలుస్తుంది, ఇంకోటి చిన్నదై నొక్కుతుంది, మంట పుడుతుంది, మూడోది పొగ బయటికి తోస్తుంది. పైకీ కిందకీ కొట్టుకోవడం లేదు, వాల్వులు లేవు. రోటర్ ఒక చుట్టు తిరిగితే షాఫ్ట్ మూడు చుట్లు తిరుగుతుంది. చిన్న సైజు, తక్కువ బరువు, అదురు దాదాపు లేనే లేదు. విమానానికి ఇంకేం కావాలి చెప్పండి?

ఫెలిక్స్ వాంకెల్ జర్మనీ వాడు, 1902లో పుట్టాడు. కాలేజీ డిగ్రీ లేదు. ఎన్‌ఎస్‌యూ అనే బైకుల కంపెనీలో ఆయన ఇంజన్ 1957 ఫిబ్రవరిలో మొదటిసారి తిరిగింది. మరుసటి ఏడే, 1958లో, అమెరికా విమాన ఇంజన్ల కంపెనీ కర్టిస్-రైట్ లైసెన్సు కొనేసింది. పేరు గమనించారా? రైట్ సోదరుల పేరు అది. 1961లో జపాన్ మాజ్డా కొంది. జనరల్ మోటార్స్ కొంది. అందరూ ఎగబడ్డారు.

ఇబ్బంది ఎక్కడ వచ్చిందంటే ఆ మూడు మూలల దగ్గర. ప్రతి మూలకీ ఒక సన్నటి పట్టీ, సీల్ అంటారు. అది గోడకి ఆనుకుని నిమిషానికి వేల సార్లు రాసుకోవాలి. వేడి, మంట, నూనె, అన్నీ దాని మీదే. ఎన్‌ఎస్‌యూ 1967లో ఆర్‌ఓ80 అనే కారు తెచ్చింది. సీళ్ళు అరిగిపోయి ఇంజన్లు వెనక్కి వచ్చాయి, వారంటీ కింద మార్చి మార్చి కంపెనీ నీరసించి 1969లో ఆడితో కలిసిపోయింది. మాజ్డాలో కెనిచి యమమోటో, ఆయనతో పాటు 47 మంది ఇంజనీర్లు ఏళ్ళ తరబడి ఈ సీల్ మీదే కూర్చున్నారు. గూడు గోడ మీద పడే గీతలకి వాళ్ళు పెట్టిన పేరు "దయ్యం గోళ్ళు". చివరికి సాధించారు కూడా. కానీ 1973లో చమురు సంక్షోభం వచ్చింది. వాంకెల్ పెట్రోలు ఎక్కువ తాగుతుంది, మంట గది సన్నగా పొడుగ్గా ఉండటం వల్ల పూర్తిగా కాలదు. జనరల్ మోటార్స్ చేతులు దులుపుకుంది.

విమానాల సంగతి? కర్టిస్-రైట్ ఇంజన్‌తో లాక్‌హీడ్ వాళ్ళు క్యూ-స్టార్ అనే చప్పుడు లేని చిన్న విమానాన్ని 1960ల చివర్లో ఎగరేశారు. బాగానే ఎగిరింది. 1984లో కర్టిస్-రైట్ ఈ వ్యాపారాన్ని జాన్ డియర్‌కి అమ్మేసింది. పచ్చ ట్రాక్టర్ల జాన్ డియర్ అండీ, మన పొలాల్లో తిరిగేది! వాళ్ళు నాసా సాయంతో చిన్న విమానాలకి రోటరీ ఇంజన్ చేద్దామనుకున్నారు. 1991 వచ్చేసరికి వాళ్ళు కూడా వేరే చిన్న కంపెనీకి ఇచ్చేసి తప్పుకున్నారు.

ఇంజన్ చెడ్డదా? కాదు. అయితే ఎందుకిలా? ఇక్కడ మూడు అంకెలు చెప్తాను. అమెరికాలో చిన్న, ప్రైవేటు విమానాల అమ్మకాలు 1978లో 17,811. 1986లో 1,495. 1994లో 928. చదివింది సరిగ్గానే విన్నారు. పదహారేళ్ళలో 17 వేలు కాస్తా వెయ్యి లోపుకి. వడ్డీలు పెరిగాయి, పెట్రోలు పెరిగింది, విమానం కూలితే తయారీదారు మీద కోట్ల రూపాయల దావాలు. సెస్నా కంపెనీ 1986లో చిన్న పిస్టన్ విమానాల తయారీనే ఆపేసింది, పదేళ్ళ తర్వాత గానీ మళ్ళీ మొదలుపెట్టలేదు. వాంకెల్ సరిగ్గా ఆ సమయానికి సిద్ధమైంది. పెళ్ళికొడుకు తయారై వచ్చేసరికి పందిరి పీకేసినట్టయింది.

ఇప్పుడు ధర లెక్క. ఇది నేను ఉదాహరణకి వేసుకున్న లెక్క, అసలు అంకెలు కావు. విమానం ఇంజన్‌కి ప్రభుత్వ సర్టిఫికెట్ కావాలి. వందల గంటలు నడిపి చూపించాలి, విరగ్గొట్టి చూపించాలి, ప్రతి నట్టుకీ కాగితం ఉండాలి. దానికి 20 కోట్లు అయ్యిందనుకుందాం. 10,000 ఇంజన్లు అమ్మితే ఒక్కో దాని మీద పడేది 20 వేలు. 100 ఇంజన్లే అమ్మితే? ఒక్కో దాని మీద 20 లక్షలు! లోపల మూడు భాగాలున్నా ముప్ఫై ఉన్నా ఆ 20 లక్షలు తగ్గవు. "దీనిలో పార్టులు తక్కువ, కాబట్టి చౌక" అని రోటరీ వాళ్ళు ప్రతి తరంలోనూ చెప్పారు. తయారీ ఖర్చు వరకూ అది నిజమే కావచ్చు. కానీ విమానం ఇంజన్ ధరలో ఇనుము ఖరీదు చిన్న ముక్క.

పక్కనే ఆత్రేయపురం ఉంది, పూతరేకులు తెలుసు కదా. రేకులో ఏముంది? బియ్యం పిండి, నీళ్ళు. కుండ మీద వేసే చెయ్యికి కదా మనం డబ్బులిచ్చేది. అయితే ఆ అక్క రోజుకి వందల రేకులు తీస్తుంది, అందుకే మనకి అందే ధరలో వస్తుంది. నెలకి నాలుగు రేకులే తీయాలంటే ఆ రేకు ధర ఎంతుండాలో మీరే ఆలోచించండి.

అవతల పోటీ ఎవరు? లైకమింగ్ కంపెనీ ఓ-360 అనే ఇంజన్, 180 హార్స్‌పవర్. 1950ల డిజైన్. పాతదే, మొరటుదే. కానీ దాని సర్టిఫికెట్ ఖర్చు ఎప్పుడో తీరిపోయింది, ప్రతి ఎయిర్‌పోర్టులో దాన్ని విప్పి బిగించే మెకానిక్ ఉన్నాడు, 2,000 గంటల దాకా పెద్ద రిపేరు లేదు. అది నిమిషానికి 2,700 చుట్లు తిరుగుతూ ప్రొపెల్లర్‌ని నేరుగా తిప్పుతుంది. వాంకెల్ ఆరేడు వేల చుట్లు తిరుగుతుంది కాబట్టి మధ్యలో ఒక గేర్‌బాక్స్ పెట్టాలి. అంటే మళ్ళీ బరువు, మళ్ళీ ఖర్చు, మళ్ళీ పరీక్షలు. కొనేవాడు "కొత్తది బాగుందండీ, కానీ పాడైతే ఎవడు చూస్తాడు?" అని అడుగుతాడు. మన దగ్గర కూడా అంతే కదా, కొత్త కంపెనీ బైక్ ఎంత బాగున్నా అమలాపురంలో సర్వీస్ సెంటర్ ఉందా అని చూసి గానీ కొనం.

అమెరికాలో కొంతమంది మాత్రం ఈ గొడవంతా తప్పించుకున్నారు. సొంతంగా ఇంట్లో విమానం కట్టుకునే వాళ్ళకి అక్కడ సర్టిఫైడ్ ఇంజన్ తప్పనిసరి కాదు. వాళ్ళు పాత మాజ్డా ఆర్ఎక్స్-7 కారు ఇంజన్ పీకి, గేర్‌బాక్స్ తగిలించి, విమానానికి పెట్టుకున్నారు. మాజ్డా లక్షల కార్లు అమ్మింది కాబట్టి ఆ ఇంజన్ చౌక. చూశారా, అక్కడ కూడా అదే లెక్క.

మరి ఎక్కడా నెగ్గలేదా? నెగ్గింది, రెండు చిన్న మూలల్లో. ఒకటి, జర్మనీ ష్లైకర్ వాళ్ళ గ్లైడర్లు. పైకి లేచేవరకూ చిన్న రోటరీ ఇంజన్ వాడి, తర్వాత లోపలికి మడిచేస్తారు. రెండోది సైన్యం డ్రోన్లు. ఇంగ్లండ్‌లో నార్టన్ బైకుల కోసం చేసిన వాంకెల్, తర్వాత డ్రోన్ ఇంజన్ల కంపెనీ యూఈఎల్ చేతికొచ్చింది. ఇజ్రాయెల్ హెర్మిస్ 450కి, అమెరికా షాడో డ్రోన్‌కి ఆ ఇంజన్లే. సైన్యానికి ధర కంటే బరువు ముఖ్యం, అదురు లేకపోతే కెమెరా బొమ్మ చక్కగా వస్తుంది.

ఇక మన దేశం సంగతి. ఇది చాలామందికి తెలీదు. నిశాంత్ అని మన డీఆర్డీఓ డ్రోన్ ఒకటుండేది. లారీ మీద నుంచి గురిచూసి విసిరినట్టు పైకి పంపేవారు, పారాచూట్‌తో కిందకి దిగేది. రన్‌వే అక్కర్లేదు. దాని ఇంజన్ విదేశీ వాంకెల్. దిగుమతి ఆగిపోతే డ్రోన్ ఆగిపోతుంది. అందుకని అహ్మద్‌నగర్‌లోని వీఆర్డీఈ, బెంగళూరులోని ఎన్ఏఎల్, ఏడీఈ కలిసి సొంతంగా 55 హార్స్‌పవర్ వాంకెల్ తయారుచేశాయి. పూర్తిగా దేశంలోనే డిజైన్ చేసిన మొదటి వాంకెల్ అదే.

2009 మార్చి 29, ఆదివారం. కోలారు ఎయిర్‌ఫీల్డ్. కోలారంటే మీకు కేజీఎఫ్ సినిమానే గుర్తొస్తుంది. కానీ అక్కడ వీధిలోకి వెళ్తే ఇంట్లో తెలుగు మాట్లాడే వాళ్ళు అడుగడుగునా కనిపిస్తారు. కర్ణాటకలో ఉన్న మన వాళ్ళు. ఆ ఊరి ఆకాశంలోకి నిశాంత్ మన ఇంజన్‌తో లేచింది. 12 నిమిషాల్లో 1.8 కిలోమీటర్ల ఎత్తుకి వెళ్ళింది. మొత్తం 35 నిమిషాలు ఎగిరి, ఎండిపోయిన చెరువులో అనుకున్న చోటే పారాచూట్‌తో దిగింది.

ఆ రోజు ఆ ఇంజనీర్లకి ఎంత సంతోషం ఉండి ఉంటుందో నేను ఊహించగలను. ప్రపంచంలో ఇలాంటి ఇంజన్ చేసే దేశాలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. సీల్, లోపలి పూత, ఇగ్నిషన్, అన్నీ మనవే.

తర్వాత? సైన్యం నిశాంత్‌లు తీసుకున్నది నాలుగు. నాలుగంటే నాలుగే! 2015 నవంబరులో రాజస్థాన్‌లో నాలుగోది కూడా కూలిపోయింది. ఇంక వద్దని సైన్యం చెప్పేసింది. చక్రాలు పెట్టి రన్‌వే మీద నుంచి ఎగిరేలా పంఛీ అనే రూపం 2014 డిసెంబరులో ఎగిరింది గానీ, అది కూడా ఆర్డర్ల దాకా రాలేదు. ఇందాకటి లెక్క ఒకసారి గుర్తు చేసుకోండి. ఏళ్ళ తరబడి పని, మూడు పెద్ద ప్రయోగశాలలు, కొనేవాడు ఒక్కడు, కొన్నది నాలుగు. ఆ ఇంజన్‌కి ధర అని ఏం చెప్తాం? నా మటుకు నాకు ఇందులో బాధ కలిగించేది కూలిపోవడం కాదు. డ్రోన్లు కూలతాయి, ఎవరివైనా. డ్రోన్ పోతే దానితో పాటు ఇంజన్‌కి కూడా దారి మూసుకుపోయింది చూడండి, అది. బెంట్లీ ఇంజన్ క్యామెల్‌కే కాదు, వేరే విమానాలకి కూడా వెళ్ళింది. మనది ఒకే చెట్టుకి కట్టేసిన తీగ.

ఇప్పుడు హైదరాబాద్ చూద్దాం. 2018 డిసెంబరులో అక్కడ అదానీ-ఎల్బిట్ డ్రోన్ల ఫ్యాక్టరీ మొదలైంది. ఇజ్రాయెల్ బయట హెర్మిస్ 900 తయారీకి మొదటి చోటు అదే. 2024 జనవరిలో దృష్టి-10 పేరుతో మన నేవీకి అక్కడి నుంచే మొదటిది ఇచ్చారు. మీకు గుర్తుందా, అదే కంపెనీ చిన్న డ్రోన్ హెర్మిస్ 450లో వాంకెల్ ఉందన్నాను. యూఈఎల్ కూడా ఎల్బిట్ సొంతమే. అయినా పెద్దదైన హెర్మిస్ 900కి వాళ్ళు పెట్టింది వాంకెల్ కాదు, ఆస్ట్రియా రోటాక్స్ పిస్టన్ ఇంజన్! ఇంట్లో రోటరీ ఉంచుకుని బయట పిస్టన్ కొన్నారు. ఎందుకంటారా? రోటాక్స్ చిన్న విమానాల కోసం ప్రపంచమంతా వేలల్లో అమ్ముడవుతుంది, పెట్రోలు తక్కువ తాగుతుంది, ముప్ఫై గంటలు గాల్లో ఉండాల్సిన డ్రోన్‌కి ఇంజన్ బరువు కంటే తాగే పెట్రోలు బరువే ఎక్కువ లెక్కలోకి వస్తుంది. ఇరాన్ షాహెద్ డ్రోన్లలో కూడా ఇదే వరస. చిన్నదైన 131కి వాంకెల్, పెద్దదైన 136కి మామూలు పిస్టన్.

అంటే రోటరీకి దొరికే చోటు ఏమిటో తెలుస్తోంది కదా. కొద్ది గంటలు ఎగరాలి, బరువు తక్కువుండాలి, అదరకూడదు. అంతకంటే పెద్దదైతే పిస్టన్ గెలుస్తోంది, అంతకంటే చిన్నదైతే బ్యాటరీ గెలుస్తోంది. మధ్యలో సన్నటి సందు.

ఆ సందు పెరుగుతుందా? నాకైతే ఒక దారి కనపడుతోంది. 2023లో మాజ్డా మళ్ళీ రోటరీ తెచ్చింది, ఎంఎక్స్-30 కారులో. కానీ ఈసారి చక్రాలు తిప్పడానికి కాదు, బ్యాటరీ ఛార్జ్ చెయ్యడానికి. ఒకే వేగంతో నింపాదిగా తిరిగే జనరేటర్ అన్నమాట. అలా తిరిగేటప్పుడు రోటరీ బలహీనతలు చాలావరకు బయటపడవు. డ్రోన్‌లో కూడా అలాగే, మోటార్లు కరెంటువే ఉంచి, ఆ కరెంటు కోసం లోపల బుల్లి రోటరీ పెడితే? గేర్‌బాక్స్ అక్కర్లేదు. ఇదొక్కటే దానికి మిగిలిన మంచి బేరం అని నా అభిప్రాయం. కాదనేవాళ్ళు ఉంటారు, బ్యాటరీలు ఏటేటా మెరుగవుతున్నాయి కదా అంటారు. వాళ్ళ మాట కూడా తీసెయ్యలేం.

2024 అక్టోబరు 22న విజయవాడ పున్నమి ఘాట్‌లో 5,500 డ్రోన్ల షో చూసే ఉంటారు, రీల్స్‌లో మోతెక్కిపోయింది. గిన్నిస్ రికార్డులు కూడా వచ్చాయి. అన్నీ బ్యాటరీవే. కర్నూలు దగ్గర ఓర్వకల్లులో డ్రోన్ సిటీ అని ప్రభుత్వం చెప్పింది. మీలో ఇంజనీరింగ్ చదివేవాళ్ళు చాలామంది ఉన్నారు, ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుకి డ్రోన్ చేస్తున్నామని చెప్తుంటారు. ఈసారి చేసేటప్పుడు ఫ్రేము, కెమెరా, సాఫ్ట్‌వేర్ తర్వాత, దాన్ని ఎగరేసే ముక్క ఎవరు చేశారో, ఎన్ని చేశారో, ఎంతకి వచ్చిందో ఒక కాగితం మీద రాసుకోండి. క్యామెల్ ధరల పట్టికలాగా. విమానం ఎంత, ఇంజన్ ఎంత.

తమ్ముడు చెయ్యి ఊపుతున్నాడు. రెండో బ్యాటరీ కూడా ఎర్రలైటు కొడుతోందట, దింపెయ్యాలి. గోదాట్లో పడితే ఇక దొరకదు. సరేనండీ, వచ్చేవారం ఇదే గోదావరి మీద ధవళేశ్వరం ఆనకట్ట కథతో కలుద్దాం. ఉంటాను.